మీటరుకు అటూ ఇటూ

గీజరు స్విచ్ వేయగానే ఇంట్లో ట్యూబులైటు ఒక్కసారి మినుకుమంటుంది. మీటరు బోర్డు దగ్గర సన్నగా చిరచిరమనే చప్పుడు, దానితోపాటు కొంచెం కమురు వాసన. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే తల పైకెత్తి చూసి, “ఇది మీటరు దగ్గరి పని. అక్కడ సీలు ఉంది. నేను ముట్టుకోకూడదు. కరెంటు ఆఫీసుకు చెప్పండి” అంటాడు. లైన్‌మన్ వచ్చి, “స్తంభం దగ్గర అంతా బాగానే ఉంది. మీ ఇంటి వైరింగు చూపించుకోండి” అంటాడు. ఇద్దరూ వెళ్ళిపోతారు. చిరచిర మాత్రం అలాగే ఉంటుంది.

ఇంతకీ ఆ పని ఎవరిది? వీధి స్తంభం నుంచి మన పడకగది బల్బు వరకు ఉన్న తీగలో సరఫరా సంస్థ బాధ్యత ఎక్కడ ముగుస్తుంది? మన బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? పెద్దవాళ్ళలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలియకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి కొంత భౌతికశాస్త్రం, కొంత చట్టం కావాలి. రెండూ కష్టమైనవి కావు. చూద్దాం.

కార్వాన్‌లో ఒక ఇల్లు

హైదరాబాదు పాతబస్తీలోని కార్వాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. కార్వాన్ అంటే వర్తకుల బిడారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకూ, మూసీనది మీద 1578లో కట్టిన పురానాపూల్‌కూ నడుమ బిడారులు దిగిన చోటు ఇది. వజ్రాల వ్యాపారులు, షావుకార్లు ఇక్కడ కాపురముండేవారు. 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ ఇక్కడ నిలిచి ఉంది.

ఇక్కడి గల్లీలు కరెంటు కంటే చాలా పాతవి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది 1920లో. కనుక ఇలాంటి పాత పేటలలో ఇళ్ళు ముందు వచ్చాయి, తీగలు తరువాత వచ్చాయి. గోడల మీదుగా, మెట్ల కిందుగా, దొరికిన చోటల్లా వైర్లు పాకాయి. కాలం గడిచేకొద్దీ అన్నదమ్ములు పంచుకుని, అద్దెకిచ్చి ఒక్కొక్క ఇంటిని మూడు నాలుగు పోర్షన్లు చేశారు. ఒక్కొక్క పోర్షనుకు ఒక్కొక్క మీటరు. మీటర్లన్నీ తరచుగా ఒకేచోట, మెట్ల కింద గోడమీద వరుసగా ఉంటాయి. వాటి ముందే సైకిలు, పాత అట్టపెట్టెలు, విరిగిన కుర్చీ!

మనం చెప్పుకొనే ఇల్లు అలాంటిదే అనుకోండి. మూడు పోర్షన్లు, మూడు మీటర్లు. స్తంభం నుంచి ఆ ఇంటికి కరెంటు ఎలా వస్తుందో వరుసగా గమనించండి.

స్తంభం నుంచి స్విచ్ దాకా

స్తంభం మీది లైను నుంచి ఇంటికి దిగే తీగను సర్వీసు వైరు అంటారు. అది ముందుగా కట్-అవుట్ అనే ఫ్యూజు పెట్టెలోకి వస్తుంది. అక్కడి నుంచి మీటరులోకి వెళుతుంది. ఒక మామూలు సింగిల్ ఫేజు మీటరు కింద నాలుగు టెర్మినళ్ళు ఉంటాయి. రెండింటిలోకి ఫేజు, న్యూట్రల్ తీగలు వచ్చి చేరతాయి. మిగిలిన రెండింటి నుంచి బయటికి పోతాయి. ఆ తరువాత మెయిన్ స్విచ్ లేదా ఎం.సి.బి., ఆపైన గదులకు పోయే వైరింగు.

కట్-అవుట్ ఫ్యూజు ఫేజు తీగకే ఉంటుంది, న్యూట్రల్‌కు ఉండదు. ఎందుకో ఆలోచించారా? న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టి అది పోయిందనుకోండి. వలయం తెగుతుంది కనుక దీపాలు ఆరిపోతాయి. కాని ఫేజు తీగ మాత్రం 230 వోల్టులతో అలాగే ఉంటుంది. దీపం వెలగడం లేదు కదా అని హోల్డరులో వేలు పెట్టినవాడి గతి ఏమిటి? అందుకే న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టరాదని నియమం.

సరిహద్దు ఎక్కడ?

మన దేశంలో ఈ విషయం చాలాకాలం 1956 నాటి భారత విద్యుత్ నియమాలలో ఉండేది. ఆ తరువాత 2003 విద్యుత్ చట్టం వచ్చింది. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో మీటర్లకు, 2010లోనూ మళ్ళీ 2023లోనూ భద్రతకు నిబంధనలు చేసింది. సరఫరా చేసే సంస్థ పేరు కూడా మారుతూ వచ్చింది. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో విడిపోయింది. ఇప్పుడు హైదరాబాదుకు కరెంటు ఇచ్చేది తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ. పేర్లు మారినా మూలసూత్రం ఒక్కటే.

ఆ సూత్రం ఏమిటంటే: ఇంటివారు అమర్చుకున్న మెయిన్ స్విచ్‌లోకి కరెంటు ప్రవేశించే టెర్మినల్ దగ్గర 'సరఫరా మొదలవుతుంది'. దానికి అవతల, ఇంటి ఆవరణలోనే ఉన్నా సరే, సరఫరా సంస్థకు చెందిన తీగలు, కట్-అవుట్, మీటరు సురక్షితంగా ఉంచవలసిన బాధ్యత సంస్థదే. దానికి ఇవతల ఉన్న మెయిన్ స్విచ్, వైరింగు, ప్లగ్గులు, పరికరాలు సురక్షితంగా ఉంచుకోవలసిన బాధ్యత ఇంటివారిది. “సర్వీసు వైరుకు మేమే డబ్బు కట్టాం కదా, అది మాదే” అని కొందరు అనుకుంటారు. ఖర్చు మనం భరించినా సర్వీసు లైను సంస్థదే. దాని మరమ్మతు కూడా సంస్థదే.

మరి మీటరుకు కాపలా ఎవరు? మీటరు ఇంటి ఆవరణలో ఉంటే దానికి దెబ్బ తగలకుండా, నీరు పడకుండా చూసుకోవలసింది ఇంటివారు. సంస్థ దాన్ని ఆవరణ బయట పెట్టుకుంటే ఆ జాగ్రత్త సంస్థది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీటరు నుంచి మెయిన్ స్విచ్‌కు జానెడో మూరెడో తీగ ఉంటుంది. సాధారణంగా దాన్ని ఇంటికి వైరింగు చేసిన మనిషే పెడతాడు. కాని దాని పైకొన మీటరు టెర్మినల్ మూత లోపల, సీలు కింద ఉంటుంది. కిందికొన మన మెయిన్ స్విచ్‌లో ఉంటుంది. తీగ ఒకటే, కొనలు రెండు, విప్పడానికి అధికారం ఉన్న మనుషులు కూడా ఇద్దరు! మొదట చెప్పుకున్న తగాదా పుట్టేది సరిగ్గా ఈ జానెడు తీగ దగ్గరే.

వదులు కనెక్షన్ ఏం చేస్తుంది?

తగాదా తేలేదాకా ఆగవచ్చు కదా అంటారేమో. ఆగకూడదు. ఎందుకో ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

మన ఇంట్లో ఒక పోర్షనులో 2,000 వాట్ల గీజరు, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఫ్యాన్లు, ఫ్రిజ్జు, దీపాలు కలిపి మరో 450 వాట్లు నడుస్తున్నాయి. మొత్తం 3,450 వాట్లు. దీన్ని 230 వోల్టులతో భాగిస్తే 15 ఆంపియర్లు. ఈ 15 ఆంపియర్లూ మీటరు టెర్మినల్‌లోని ఒక్క స్క్రూ కిందుగానే పోవాలి.

ఒక వాహకంలో పుట్టే వేడిని ఎలా లెక్కిస్తారో మీరు చదివే ఉంటారు: కరెంటును కరెంటుతోనే గుణించి, వచ్చిన దాన్ని నిరోధంతో గుణించాలి. స్క్రూ గట్టిగా బిగిసి ఉంటే ఆ కలయిక నిరోధం ఓములో వెయ్యోవంతు అనుకుందాం. 15 × 15 × 0.001 = 0.225 వాటు. అంటే ఏమీ లేనట్టే. స్క్రూ వదులై నిరోధం అర ఓముకు పెరిగిందనుకోండి. 15 × 15 × 0.5 = 112.5 వాట్లు!

నూరు వాట్ల పాతకాలపు బల్బు పది నిమిషాలు వెలిగాక చేత్తో పట్టుకోగలమా? అంతకంటే ఎక్కువ వేడి ఇక్కడ శనగగింజంత చోట పుడుతోంది. తీగమీది ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది, నల్లబడుతుంది, చివరకు అంటుకుంటుంది. పక్కన అట్టపెట్టెలుంటే ఇక చెప్పనక్కర లేదు.

“ఫ్యూజు ఉంది కదా, కాపాడదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఫ్యూజు గానీ ఎం.సి.బి. గానీ గుర్తించేది మితిమీరిన కరెంటును. ఇక్కడ కరెంటు పెరగలేదు. అదే 15 ఆంపియర్లు. నిజానికి నిరోధం పెరిగింది కనుక కాస్త తగ్గి ఉంటుంది కూడా. నేలలోకి కారే కరెంటును పట్టుకునే ఇ.ఎల్.సి.బి. కూడా కదలదు. ఎందుకంటే ఫేజులో ఎంత పోతోందో న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తోంది. కాబట్టి మామూలు ఇంట్లో ఉండే ఏ రక్షణ పరికరమూ ఈ జబ్బును కనిపెట్టలేదు. దాన్ని కనిపెట్టగలవి మన కళ్ళు, చెవులు, ముక్కు మాత్రమే.

బిగించిన స్క్రూ ఎందుకు వదులవుతుంది?

సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియంతో చేసినది. ఇంటి వైరింగు రాగిది. వేడెక్కితే లోహాలు వ్యాకోచిస్తాయని తెలుసు కదా. ప్రతి డిగ్రీ సెంటీగ్రేడుకు రాగి తన పొడవులో పదిలక్షల వంతులు సుమారు 17 పెరిగితే, అల్యూమినియం సుమారు 23 పెరుగుతుంది. గీజరు వేసినప్పుడు వేడెక్కి, ఆపినప్పుడు చల్లబడి, రోజూ ఇలా జరుగుతుంటే స్క్రూ కింది పట్టు మెల్లమెల్లగా సడలుతుంది. మెత్తని అల్యూమినియం స్క్రూ ఒత్తిడికి కొద్దికొద్దిగా నలిగిపోతుంది కూడా.

పైగా గాలి తగిలిన అల్యూమినియం మీద క్షణాల్లో ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది కరెంటును దాదాపు పోనివ్వదు. రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా మెలిపెట్టి కలిపి, అక్కడ వానతడి కూడా చేరితే, అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే ఆ రెండింటినీ కలపడానికి ప్రత్యేకమైన లగ్గులు వాడతారు. మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసే పని చూడటానికి సులువు, తరువాత ప్రమాదం.

న్యూట్రల్ పోతే

పోర్షన్ల ఇంట్లో మరో విచిత్రం ఉంది. ఇంటికి త్రీఫేజు సర్వీసు వచ్చి, ఒక్కో పోర్షనుకు ఒక్కో ఫేజు ఇచ్చి, న్యూట్రల్ మాత్రం అందరికీ ఒక్కటే ఉందనుకోండి. ఆ ఉమ్మడి న్యూట్రల్ ఊడిపోతే ఏమవుతుంది?

కింది పోర్షనులో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె నడుస్తోంది. దాని నిరోధం సుమారు 53 ఓములు. పై పోర్షనులో 100 వాట్ల టీవీ ఒక్కటే నడుస్తోంది. దాని నిరోధం సుమారు 530 ఓములని తీసుకుందాం. మూడో పోర్షనుకు తాళం. న్యూట్రల్ ఊడగానే ఈ రెండూ శ్రేణిలో, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులకు అడ్డంగా వచ్చి పడతాయి. శ్రేణిలో వోల్టేజీ నిరోధాల నిష్పత్తిలో పంచుకుంటుంది కదా. ఇస్త్రీపెట్టెకు దక్కేది 36 వోల్టులు. టీవీ నెత్తిన పడేది 364 వోల్టులు! కిందివాళ్ళు “వోల్టేజీ లేదు” అంటుంటే పైవాళ్ళ టీవీ కాలిపోతుంది.

ఊడినది సర్వీసు లైనులో అయితే బాధ్యత సంస్థది. ఇంటివారి బోర్డులోని న్యూట్రల్ లింకులో అయితే ఇంటివారిది. పక్కింటి దీపాలు మసకబారి మనవి మరీ ప్రకాశంగా వెలిగితే గుర్తు పట్టండి. వెంటనే మెయిన్ ఆపించండి.

ఒకరి న్యూట్రల్ ఇంకొకరికి

“నా న్యూట్రల్ తెగింది, నీ బోర్డులోంచి ఒక తీగ లాగుకుంటా అన్నా” అని ఇరుగుపొరుగువారు సర్దుకోవడం పాత ఇళ్ళలో మామూలే. ఇది తప్పు. ఇద్దరు వినియోగదారుల ఫేజులు గానీ న్యూట్రళ్ళు గానీ మీటరు తరువాత కలవకూడదని 2006 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి.

కారణం మీటరులోనే ఉంది. తిరిగే అల్యూమినియం చక్రం ఉన్న పాత మీటర్ల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు ఫేజులో పోయే కరెంటును, న్యూట్రల్‌లో తిరిగి వచ్చే కరెంటును విడివిడిగా కొలుస్తాయి. రెండూ సమానంగా లేకపోతే 'ఎర్త్' అని రాసి ఉన్న చిన్న దీపం వెలుగుతుంది. ఎక్కువగా ఉన్నదాన్ని బట్టి యూనిట్లు లెక్కకట్టే ఏర్పాటు కూడా వాటిలో ఉంటుంది. న్యూట్రళ్ళు కలిసిపోతే పక్కింటివారి ఫ్యానుకు మనం బిల్లు కట్టవలసి వస్తుంది. డబ్బు సంగతి అలా ఉంచండి. మన మెయిన్ ఆపి పని చేసుకుంటున్నా పక్కింటి కరెంటు మన న్యూట్రల్‌లో నడుస్తూనే ఉండవచ్చు. అది ప్రాణాంతకం.

ఎర్త్ దీపం వెలిగితే న్యూట్రల్ కలిసి ఉండవచ్చు, లేదా ఎక్కడో కరెంటు గోడలోకి, నేలలోకి కారుతూ ఉండవచ్చు. రెండూ ఇంటివైపు దోషాలే. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు 500 వోల్టుల మెగ్గరుతో పరీక్షించి, తీగల తొడుగు నిరోధం కనీసం 1 మెగోము ఉందో లేదో చెప్పగలడు.

ఆటగా తీసుకోరాని విషయం

2025 మే 18న కార్వాన్‌కు ఎంతో దూరం లేని చార్మినారు పక్కన గుల్జార్‌హౌజ్‌లో ఒక పాత ఇంటికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. షార్ట్ సర్క్యూట్ కారణమై ఉంటుందని అధికారులు మొదట అనుమానించారు. ఇంట్లోకి వెళ్ళడానికీ రావడానికీ ఒకే ఇరుకు దారి ఉండటం వల్ల పొగలో చిక్కుకున్నవారు బయటపడలేకపోయారు. పాతబస్తీలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. మెట్ల కింద మీటర్లు, ఆ మెట్లే బయటికి దారి. నిప్పు అక్కడ పుడితే దారి మూసుకుపోతుంది. మీటర్ల ముందు అట్టపెట్టెలు పెట్టకూడదనేది అందుకే.

మీరేం చేయాలి?

మొదటి సంగతి, మీటరునూ కట్-అవుట్‌నూ మీరు ముట్టుకోకూడదు. మెయిన్ స్విచ్ ఆపినా వాటిలో కరెంటు ఉంటుంది. వాటికి అవతల ఆపే స్విచ్ మన చేతిలో లేదు. సీలు తెంపడం చట్టరీత్యా నేరం కూడా. పెద్దవాళ్ళయినా ఇంట్లో తామే చేసుకోదగిన పని బల్బు, ఫ్యూజు, స్విచ్ లాంటివి మార్చుకోవడం వరకే. కొత్త వైరింగు, మార్పులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలని నియమం.

కాని చూడటానికి లైసెన్సు అక్కర లేదు. దూరంగా నిలబడి ఇవి గమనించండి:

టెర్మినల్ మూత పసుపుగా గానీ నల్లగా గానీ మారిందా? పెద్ద పరికరం వేసినప్పుడు చప్పుడు వస్తోందా? కమురు వాసన ఉందా? వాననీరు సర్వీసు వైరు వెంట మీటరులోకి దిగుతోందా? సర్వీసు వైరు గోడకు రాసుకుని తొడుగు చిరిగిందా?

తరువాత దోషం ఎటువైపో ఊహించండి. గల్లీ అంతా చీకటైతే అది సంస్థ పని. మీ ఇంటి పోర్షన్లన్నిటికీ పోయి పక్కిళ్ళలో ఉంటే సర్వీసు వైరు, కట్-అవుట్ల దగ్గర వెతకాలి. ఒక్క మీకే పోతే ముందు మీ ఎం.సి.బి. చూడండి. ఒక్క గదిలోనే పోతే అది పూర్తిగా మీ వైరింగు. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, ప్లగ్గులన్నీ తీసి, మెయిన్ మాత్రం ఉంచి చూడండి. అప్పుడు కూడా మీటరుమీది ఎర్రదీపం టక్కుటక్కుమని వెలుగుతూ ఉంటే, ఎక్కడో కరెంటు పోతోందని అర్థం.

దోషం మీటరు దగ్గరో అంతకు అవతలో అయితే 1912 నంబరుకు ఫోను చేయించి, ఫిర్యాదు నంబరు రాసి ఉంచమనండి. “కరెంటు సరిగా లేదు” అని కాదు, “మీటరు టెర్మినల్ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి, సీలు కింద ఉంది” అని చెప్పాలి. లైన్‌మన్ వచ్చే వేళకు ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలవండి. లైన్‌మన్ కట్-అవుట్ తీసి సీలు విప్పి పైకొన బిగిస్తాడు. ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ దగ్గర కిందికొన బిగిస్తాడు. జానెడు తీగ తగాదా పది నిమిషాల్లో తీరిపోతుంది. ఎంతకీ ఎవరూ రాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఈ రెండూ 2003 చట్టం మనకిచ్చినవే.

ఈలోగా గీజరు, ఇస్త్రీపెట్టె వాడకండి. కరెంటు సగానికి తగ్గితే ఆ వదులు చోట పుట్టే వేడి నాలుగోవంతుకు తగ్గుతుంది. ఎందుకో పైన చేసిన లెక్కలోనే జవాబు ఉంది, మీరే చేసి చూడండి.

కరెంటుకు సరిహద్దు తెలియదు. స్తంభం నుంచి బల్బు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చే ఒకే వలయం అది. సరిహద్దు మనుషులు పెట్టుకున్నది, ఏ భాగాన్ని ఎవరు కనిపెట్టి ఉండాలో తేల్చడానికి. ఈ సాయంత్రం మీ ఇంటి మీటరు ముందు ఏమేం పెట్టి ఉన్నాయో చూసి, వాటిని అక్కడి నుంచి తీయించండి.